క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్ కొనేముందు మీ చెవికి ఏ సౌండ్ నచ్చుతుందో తెలుసుకోవడం ఎలా?

"మంచి హెడ్‌ఫోన్ ఒకటి చెప్పండి" అని అడిగితే పదిమంది పది పేర్లు చెబుతారు. ఆ పదీ తెచ్చి పెట్టుకున్నా ఒక్కటి కూడా మీకు నచ్చకపోవచ్చు, ఎందుకంటే వాళ్లు చెప్పేది వాళ్ల చెవి సంగతి. ఒకరు "బేస్ అదిరింది" అన్నదాన్నే ఇంకొకరు "గోల" అంటారు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అందుకే మోడల్ పేర్లు చివరికి ఉంచి, ముందు మీకేం కావాలో చూసుకుందాం.

క్లోజ్డ్ బ్యాక్ అంటే కప్పుల వెనక వైపు మూసి ఉండేవి. బయటి రొద తక్కువగా వినిపిస్తుంది, మీ పాట పక్కవాళ్లకు పెద్దగా వినపడదు. కానీ లోపల చిక్కుకున్న గాలి, కప్పు గోడకి తగిలి వెనక్కొచ్చే శబ్దం కలిసి సౌండ్‌ని కొంత మారుస్తాయి. ఓపెన్ బ్యాక్‌లో (కప్పుల వెనక వైపు తెరిచి ఉండేవి) ఉండే ఆ విశాలంగా, ఎదురుగా కచేరీ జరుగుతున్నట్టుండే అనుభూతి సాధారణంగా వీటిలో తక్కువే. అదే మీకు ముఖ్యమైతే క్లోజ్డ్ బ్యాక్ కొనడం మానేసి ఓపెన్ వైపు చూడటం మేలు.

1. ఇప్పుడున్న ఇయర్‌ఫోన్‌తోనే మొదలుపెట్టండి

పైసా ఖర్చు లేని పని ఇది. ఫోన్‌లో ఈక్వలైజర్ (బేస్ నుంచి సన్నని శబ్దాల దాకా విడివిడిగా పెంచి తగ్గించే మీటల వరస) తెరవండి. 60 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర (లోతైన బేస్) ఉండే మీట ఒక్కటే 4 డెసిబెల్స్ పెంచి, మిగతావి కదపకుండా రెండు రోజులు మామూలుగా పాటలు వినండి. తర్వాత దాన్ని సున్నాకి తెచ్చేయండి. పెంచినప్పుడు ఎలా ఉందన్నది అంత ముఖ్యం కాదు, బేస్ పెంచితే మొదటి పది నిమిషాలు అందరికీ బాగానే ఉంటుంది. తీసేసినప్పుడు ఏమనిపించిందో చూడండి. ఏదో పోయినట్టు బోసిగా అనిపిస్తే మీరు బేస్ మనిషి. "హమ్మయ్య, ఇప్పుడు మాటలు స్పష్టంగా ఉన్నాయి" అనిపిస్తే కాదు. ఇలాగే 2 నుంచి 3 వేల హెర్ట్జ్ దగ్గర (గొంతు ముందుకు రావడం), 8 వేల దగ్గర (తాళాల మెరుపు, "స", "శ" అక్షరాల పదును) ఒక్కొక్కటిగా చేసి చూడండి. పెంచినప్పుడు సౌండ్ పగిలినట్టు వస్తే ప్రీయాంప్ మీట (మొత్తం సౌండ్‌ని ఒకేసారి తగ్గించేది) అంతే మేర తగ్గించండి.

2. మీరు నిజంగా వినే పాటలే పట్టుకెళ్లండి

షాపులో వేసి వినిపించే డెమో పాటలు ఏ హెడ్‌ఫోన్‌లోనైనా బాగుండేలా ఎంచినవి, వాటితో మీకు తెలిసేదేమీ లేదు. ఫోన్‌లో నాలుగైదు సొంత పాటలు పెట్టుకోండి. మృదంగం బాగా వినపడే కచేరీ ఒకటి ఉంచుకోండి, ఎడమ చేతి వైపు గుమకీ కుడి చేతి వైపు టంగుమనే నాదానికీ మధ్య తేడా కరిగిపోయి అంతా ఒకే ముద్దలా వినిపిస్తే ఆ హెడ్‌ఫోన్‌లో బేస్ మధ్య స్వరాల మీదికి పొంగుతోందన్నమాట. డప్పులు, సింథ్ బేస్ ఉన్న కొత్త సినిమా పాట ఒకటి. ఘంటసాల కాలం నాటి పాత రికార్డింగ్ ఒకటి తప్పకుండా ఉండాలి: ట్రెబుల్ (సన్నని, పదునైన శబ్దాలు) ఎక్కువున్న హెడ్‌ఫోన్‌లో ఆ 'సుయ్'మనే హిస్ పాట కన్నా ముందు వినపడుతుంది, పాతపాటలే ఎక్కువగా వినేవాళ్లకి అక్కడే తీర్పు అయిపోతుంది. చివరిగా వార్తలు చదివే గొంతు ఒకటి. దాని పని తర్వాతి మెట్టులో ఉంది.

3. వాల్యూమ్ సమానం చేయకుండా రెండింటినీ పోల్చకండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. మెల్లగా వింటున్నప్పుడు మన చెవికి లోతైన బేస్ సరిగా అందదు, సౌండ్ పెంచేకొద్దీ బేస్ నిండుగా వినిపిస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని గీతలు గీసి మరీ చూపించారు. కాబట్టి రెండు హెడ్‌ఫోన్లలో ఏది కాస్త గట్టిగా మోగితే అదే "రిచ్‌గా ఉంది" అనిపిస్తుంది, అందులో దాని గొప్పేమీ లేకపోయినా. వార్తల గొంతు పెట్టి, రెండింటిలోనూ ఆ మనిషి ఒకే దూరంలో కూర్చుని మాట్లాడుతున్నట్టు అనిపించేదాకా వాల్యూమ్ సర్దండి, దేనికి ఎంతో గుర్తుపెట్టుకోండి, ఆ తర్వాతే పాటలు.

దీంట్లోనే మీ రుచికి సంబంధించిన ఇంకో సంగతి ఉంది. రాత్రిళ్లు ఇంట్లోవాళ్లు పడుకున్నాక మెల్లగా వినే అలవాటుంటే కొంచెం బేస్ ఎక్కువున్నదే మీకు సమంగా వినిపిస్తుంది, గట్టిగా వినేవాళ్లకి అదే హెడ్‌ఫోన్ బరువుగా తోస్తుంది. గట్టిగా అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి: ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు.

4. తలకి సరిపోయిందా?

క్లోజ్డ్ బ్యాక్‌లో బేస్ చాలావరకు సీల్ మీద, అంటే ప్యాడ్ చెవి చుట్టూ సందు లేకుండా అతుక్కోవడం మీద ఆధారపడుతుంది. కళ్లజోడు కాడ ప్యాడ్‌ని కాస్త పైకి లేపినా బేస్ జారిపోతుంది, కాబట్టి కళ్లజోడు ఉన్నవాళ్లు అది పెట్టుకునే వినాలి. పాట నడుస్తుండగా రెండు కప్పుల్నీ అరచేతులతో మెల్లగా నొక్కండి, బేస్ ఒక్కసారిగా పెరిగితే మీ తల మీద అది సరిగా కూర్చోలేదు. రివ్యూలో చెప్పిన సౌండ్ మీకు రాదు, అంతే. వీలైతే అరగంట తీయకుండా ఉంచుకోండి. మే నెలలో విజయవాడలో కృత్రిమ తోలు ప్యాడ్లు పెట్టుకుని రెండు గంటల సినిమా చూడమని నేను ఎవరికీ చెప్పను. వెలూర్ గుడ్డ ప్యాడ్లు నయం, కాకపోతే బయటి చప్పుడు కాస్త ఎక్కువ వస్తుంది.

5. ఇప్పుడు పేర్లు

బేస్, మెరుపు రెండూ కావాలంటే బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో వినండి. ఎక్కువ రకాల్లో వచ్చే వెలూర్ ప్యాడ్లు హాయిగా ఉంటాయి కానీ ట్రెబుల్ పదును, "స"లు గుచ్చుకునేవాళ్లకి పనికిరాదు. ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ హుషారుగా మోగుతుంది, ఇంగ్లిష్ పాప్‌కీ మన మాస్ పాటలకీ సరదాగా ఉంటుంది. సోనీ ఎండీఆర్ 7506 1991 నుంచీ స్టూడియోల్లో ఉంది, రికార్డింగ్‌లో తప్పులు పట్టడానికి చేసింది, అందుకే పాటల్లో తప్పులు కూడా మొహమాటం లేకుండా వినిపిస్తుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 280 ప్రో బయటి శబ్దం బాగా ఆపుతుంది, తలని కూడా గట్టిగానే పట్టుకుంటుంది. ఏకేజీ కే371 హార్మన్ గ్రాఫ్‌కి దగ్గరగా ఉంటుంది, ఆ గ్రాఫ్ ఏమిటో ఇప్పుడు చూద్దాం.

హార్మన్ కంపెనీలో షాన్ ఆలివ్ బృందం ఎంతోమందికి వినిపించి ఎక్కువమంది మెచ్చే సౌండ్ ఎలా ఉంటుందో గ్రాఫ్‌గా తేల్చింది. వాళ్ల లెక్కలోనే దాన్ని ఇష్టపడినవాళ్లు సుమారు 64 శాతం, ఇంకా బేస్ కావాలన్నవాళ్లు 15, తక్కువ చాలన్నవాళ్లు 21 శాతం. అంటే గ్రాఫ్‌కి అతికినట్టున్న హెడ్‌ఫోన్ మీకు నచ్చకపోతే మీ చెవిలో లోపం ఉన్నట్టు కాదు, ప్రతి ముగ్గురిలో ఒకరు మీలాంటివాళ్లే.

6. ఓమ్‌లు చూసుకోండి

ఓమ్ అంటే హెడ్‌ఫోన్ కరెంటుని ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత. డీటీ 770 ప్రో 32, 80, 250 ఓమ్‌లలో దొరుకుతుంది. ఫోన్‌కి నేరుగా పెట్టేవాళ్లు 250 వైపు వెళ్లొద్దు, దానికి యాంప్ (సౌండ్‌కి బలమిచ్చే విడి పెట్టె) లేకపోతే చాలా ఫోన్లలో పీలగా మోగుతుంది. ఎం50ఎక్స్‌కి 38 ఓమ్‌లు, సోనీ 7506కి 63 ఓమ్‌లు, ఇబ్బంది లేదు. ఫోన్‌కి 3.5 ఎంఎం జాక్ లేకపోతే యూఎస్‌బీ సీ డాంగుల్ (ఫోన్‌కీ హెడ్‌ఫోన్‌కీ మధ్య పెట్టే చిన్న అడాప్టర్) కూడా ఖర్చులో వేసుకోండి.

ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ షరతులు ముందే చదవండి, చెవికి తగిలే వస్తువులు డబ్బా తెరిచాక వెనక్కి తీసుకోని అమ్మకందార్లు ఉంటారు. వచ్చాక మొదటి రోజే తీర్పు ఇవ్వకుండా ఓ వారం అదొక్కటే వాడండి, అన్నాళ్లూ పాత హెడ్‌ఫోన్‌కి అలవాటుపడిన చెవికి కొత్తది వింతగానే ఉంటుంది. వారం తర్వాత కూడా "స"లు గుచ్చుతుంటే 8 వేల దగ్గర 3 డెసిబెల్స్ తగ్గించి చూడండి, దాంతో సర్దుకుంటే ఉంచుకోండి. చెవులు నొప్పి పెడుతుంటే మాత్రం ఏ ఈక్వలైజరూ ఆదుకోదు, గడువులోపే పంపేయండి.