ఫంక్ వినాలంటే ముందు ‘ఒకటి’ పట్టుకోండి

బేస్ గిటార్ నేర్చుకునే రోజుల్లో నేను గాయకుడి గొంతు వెంటే పోయేవాణ్ణి, తాళం జారిపోయేది. తాళమే ప్రాణమైన అమెరికన్ సంగీతం ఫంక్ వినాలంటే, మీరు కాలితో మొదలుపెట్టండి.

అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ 1967లో తెచ్చిన ‘కోల్డ్ స్వెట్’ పాట పెట్టుకోండి. ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి, ఫోన్ స్పీకర్లో బేస్ సరిగ్గా వినపడదు. నాలుగు వరకు లెక్కపెడుతూ ‘ఒకటి’ దగ్గరే కాలు నేలకు వేయండి. అంతకుముందు రిథమ్ అండ్ బ్లూస్ అనే పాత అమెరికన్ సంగీతంలో ఊపు రెండు, నాలుగు మీద ఉండేది. బ్రౌన్ బరువంతా ఒకటి మీదికి తెచ్చాడు. కాలు కుదిరాక గిటార్ ఒక్కటే వినండి. తీగల్ని సగం నొక్కి వదిలితే వచ్చే ఆ ‘చిక్ చిక్’ కూడా డ్రమ్మే!

తర్వాత బ్రౌన్‌దే, 1969లో రికార్డయిన ‘ఫంకీ డ్రమ్మర్’ వినండి, పూర్తి నిడివిది. సగం దాటాక బ్రౌన్ డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ ఒంటరిగా వాయిస్తాడు. అక్కడ ఆగి పదిసార్లు వినండి. పెద్ద దెబ్బల మధ్య స్నేర్ (గరగరమనే చిన్న డ్రమ్) మీద గోరుతో మీటినంత మెల్లగా చిన్న దెబ్బలు పడుతుంటాయి. పాట నడిచేది వాటితోనే. 1980ల నుంచి హిప్‌హాప్ వాళ్లు ఆ ముక్కనే కోసి లెక్కలేనన్ని పాటల్లో వాడుకున్నారు. పాట రాసినవాడిగా పేరు లేక ఆయనకు రాయల్టీ పెద్దగా అందలేదు. తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇక ఆ ముక్కను వాడుకున్న హిప్‌హాప్ బృందం పబ్లిక్ ఎనిమీ పాట ‘ఫైట్ ద పవర్’ పెట్టండి. ఆ స్నేర్‌ను మీ చెవే పట్టేస్తుంది.