ల్యూసిన్ జిప్పర్‌ను సీక్వెన్స్‌లో గుర్తించడం, జెల్‌పై తేల్చుకోవడం

ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ (డీఎన్ఏను పట్టి జన్యువులను నడిపే ప్రొటీన్) సీక్వెన్స్, అంటే దాని అమైనో ఆమ్లాల వరుస, చేతికి రాగానే చాలామంది ఏడేసి స్థానాలకు ఒక ల్యూసిన్ ఉందేమో చూసి, ఉంటే జిప్పర్ అని రాసేస్తారు. జిప్పర్ అంటే రెండు ప్రొటీన్ హెలిక్స్‌లను (మెలి తిరిగిన గొలుసులను) జతగా పట్టి ఉంచే భాగం. అది చాలదు. డీఎన్ఏను పట్టే భాగానికీ జిప్పర్‌కీ మధ్య దూరం సరిగ్గా కుదరాలి. ఈస్ట్‌లోని జీసీఎన్4 అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ మీద చేసి చూడండి. దాని పొడవు 281 అమైనో ఆమ్లాలు, మనకు కావలసిందంతా చివరి అరవైలోనే ఉంది.

ముందుగా డీఎన్ఏను పట్టే భాగంలో, అంటే ఆర్జినిన్, లైసిన్ దట్టంగా ఉన్న బేసిక్ ప్రాంతంలో, ఒక ఆస్పరాజిన్ పట్టుకోండి. దాని తర్వాత ఏడు స్థానాలు వదిలితే ఆర్జినిన్ గానీ లైసిన్ గానీ రావాలి. అక్కడి నుంచి తొమ్మిది వదిలితే మొదటి ల్యూసిన్. జీసీఎన్4లో ఇవి వరుసగా 235, 243, 253. లెక్క ఒక్కటి తప్పినా హెలిక్స్ దాదాపు 100 డిగ్రీలు పక్కకు తిరుగుతుంది, ఆస్పరాజిన్ డీఎన్ఏ వైపు చూడదు.

ఇప్పుడు జిప్పర్‌ను ఏడు గళ్ల వరుసల్లో రాయండి. గళ్లకు 'ఏ' నుంచి 'జీ' దాకా పేర్లు పెట్టి, 253ను 'డీ' గడిలో ఉంచండి. 260, 267, 274 ల్యూసిన్‌లు వాటంతటవే దాని కింద పడతాయి. 'ఏ' గడిలో 257, 271, 278 దగ్గర వాలిన్ ఉంటే, 264లో మాత్రం ఆస్పరాజిన్ కనిపిస్తుంది. నీటిని తప్పించుకునే లోపలి భాగంలో ఇదేమిటని కొట్టేయకండి. రెండు హెలిక్స్‌ల ఆస్పరాజిన్‌లు ఒకదానితో ఒకటి హైడ్రోజన్ బంధం వేసుకుంటాయి. దాన్ని వాలిన్‌గా మారిస్తే జత ఇంకా గట్టిపడుతుంది, కానీ ముగ్గురేసి కూడే కట్టలు కూడా తయారవుతాయి. స్థిరత్వాన్ని కొంత వదులుకొని, ఇద్దరే కూడాలన్న నియమాన్ని ఈ స్థానం నిలబెడుతోంది.

ఎవరితో జత అన్నది 'ఈ', 'జీ' గళ్లు చెబుతాయి. ఒక హెలిక్స్‌లోని 'జీ' గడిని, రెండో హెలిక్స్‌లో అయిదు స్థానాల తర్వాత వచ్చే 'ఈ' గడితో పోల్చండి. జీసీఎన్4లో 263 లైసిన్‌కు 268 గ్లుటమేట్, 270 గ్లుటమేట్‌కు 275 లైసిన్ ఎదురవుతాయి. ఇలాంటి జిప్పర్ ఉన్న ఫాస్ అనే ప్రొటీన్‌లో ఈ గళ్లు ఎక్కువగా గ్లుటమేట్‌తో నిండి ఉంటాయి కాబట్టి తనతో తాను స్థిరంగా జతకట్టలేదు, జున్ అనే మరో ప్రొటీన్‌తో బాగా కూడుతుంది.

డీఎన్ఏ వైపు జీసీఎన్4 పట్టే బేస్‌ల వరుస టీజీఏసీటీసీఏ రాసుకోండి. రెండు సగాలు నడిమి సీ–జీ జతను పంచుకుంటాయి. జీసీఎన్4 ఒక బేస్ జత ఎక్కువున్న టీజీఏసీజీటీసీఏను కూడా పడుతుంది. డీఎన్ఏ లేనప్పుడు బేసిక్ ప్రాంతం చాలావరకు వదులుగా ఉండి, డీఎన్ఏ పెద్ద గాడిలో కూర్చున్నాకే పూర్తి హెలిక్స్ అవుతుంది. అందుకే ఉత్త ప్రొటీన్‌తో తీసిన కొలతల్లో హెలిక్స్ తక్కువ కనిపిస్తే మడత చెడిందని తొందరపడకండి.

జతను జెల్‌షిఫ్ట్‌తో రుజువు చేయవచ్చు. ప్రొటీన్ పట్టిన డీఎన్ఏ జెల్‌లో నెమ్మదిగా కదిలి వేరే పట్టీగా కనిపించే పరీక్ష ఇది. నిండు ప్రొటీన్ ఒకటి, ఎన్ కొస (ప్రొటీన్ మొదలు) నుంచి కత్తిరించిన పొట్టిది ఒకటి తీసుకోండి. సీ కొసను (చివరను) కత్తిరిస్తే జిప్పరే పోతుంది. రెండింటినీ ఒకే గొట్టంలో కలిపి ట్రాన్స్‌లేట్ చేసి (ఆర్ఎన్ఏ నుంచి ప్రొటీన్ తయారుచేసి), ఆ తర్వాతే ప్రోబ్, అంటే గుర్తు పెట్టిన డీఎన్ఏ ముక్క, కలపండి. ఇద్దరి జతైతే మూడు పట్టీలు రావాలి (రెండూ నిండువి, నిండు–పొట్టి కలిసినది, రెండూ పొట్టివి), ముగ్గురైతే నాలుగు. విడివిడిగా తయారుచేసి చివర్లో కలిపితే పాత జతలు విడిపోక నడిమి పట్టీ రాకపోవచ్చు. అది జతకట్టలేదనడానికి సాక్ష్యం కాదు. పక్క లేన్లలో గుర్తు లేని అదే ప్రోబ్ 100 రెట్లు, సైట్ మార్చిన ప్రోబ్ అంతే మోతాదులో పెట్టండి. మొదటిది పట్టీలను చెరిపేయాలి, రెండోది ముట్టకూడదు.

ఫాస్, జున్‌తో చేస్తుంటే బఫర్‌లో ఆక్సీకరణను ఆపే తాజా డీటీటీ తప్పనిసరి. జీసీఎన్4లో 242 సెరిన్ ఉన్న చోట వాటికి సిస్టీన్ ఉంది. అది ఆక్సీకరణ చెందితే డీఎన్ఏను పట్టడం ఆగిపోతుంది, జిప్పర్ ఎంత బాగున్నా జెల్ ఖాళీగా వస్తుంది.