హోంస్కూల్ ప్లానర్ కొనాలా, చేసుకోవాలా: పెన్సిల్వేనియాకి కొత్తగా వచ్చిన అమ్మానాన్నలకి

హోంస్కూల్ ప్లానర్ అంటే పిల్లలకి ఇంట్లోనే చదువు చెప్పేవాళ్లు పాఠాల లెక్క రాసుకునే పుస్తకం. మొదటి ఏడాది ప్లానర్ కొనకండి. మీరే చేసుకోండి. రెండో ఏడాది మీ ఇష్టం.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నెల్లూరు నుంచి వచ్చి ఇంకా ఏడాది కూడా నిండని ఒకమ్మాయి మొన్న మే నెలలో తన ప్లానర్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. దళసరి అట్ట, రంగురంగుల ట్యాబులు, స్టిక్కర్లు. టెక్సస్‌లో ఉండే వాళ్ల వదిన బాగుందని చెబితే నలభై డాలర్లు పోసి తెప్పించుకుందట. ఆగస్టు, సెప్టెంబరు పేజీలు ముత్యాల్లాంటి అక్షరాలతో నిండుగా ఉన్నాయి. అక్టోబరు సగం నుంచి అన్నీ ఖాళీ గళ్లే. పిల్లాడు చదవలేదా అంటే శుభ్రంగా చదివాడు. భిన్నాలు, గ్రహాలు, అమెరికా మ్యాపు, ఏది అడిగినా గడగడా చెబుతున్నాడు. ఏ రోజు ఏం చదివాడన్నది మాత్రం ఎక్కడా లేదు. ఏడాది చదువు సంగతి స్కూలు జిల్లాకి తేల్చి చెప్పాల్సిన గడువు జూన్ 30 ముంచుకొస్తోంది. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు చూసి నాకు ప్రాణం ఉసూరుమంది.

అఫిడవిట్, అంటే ఇంట్లో చదివిస్తామని స్కూలు జిల్లాకి ఇచ్చే ప్రమాణపత్రం వేయడం, టీకాల కాగితాలు జత చేయడం ఇవన్నీ మీరు ఈపాటికే చూసుకుని ఉంటారు. వాటి జోలికి పోను.

ముందు ఒక సంగతి బుర్రకెక్కించుకోండి. వేరే రాష్ట్రంలో ఉన్న చుట్టాల ప్లానర్ మీకు పనికిరాకపోవచ్చు. టెక్సస్‌లో హోంస్కూల్‌ని ప్రైవేటు స్కూలు కింద లెక్కేస్తారు, రోజులూ గంటలూ ఎవరికీ చూపించక్కర్లేదు. న్యూజెర్సీలోనూ ఏటా స్కూలు జిల్లాకి లెక్క అప్పజెప్పే పని లేదు. వాళ్లకి ప్లానర్ సొంత సౌకర్యం కోసం ఉండేది, అంతే. న్యూయార్క్‌లో అయితే ఏడాదికి నాలుగు రిపోర్టులు, గంటలతో సహా ఇవ్వాలి. జార్జియాలో రోజుకి నాలుగున్నర గంటల చొప్పున 180 రోజులు చెప్పాలి. మన పెన్సిల్వేనియాలో 1988లో చేసిన చట్టం ప్రకారం 180 రోజులైనా చూపించాలి, లేదా ఎలిమెంటరీకి 900 గంటలు, సెకండరీకి 990 గంటలు చూపించాలి. దాంతోపాటు పోర్ట్‌ఫోలియో, అంటే ఏడాది చదువుకి రుజువుల ఫైలు ఉండాలి. చదివించిన పుస్తకాల పేర్లతో లాగ్ (ఏ రోజు ఏం చదివారో రాసిన పుస్తకం), పిల్లలు చేసిన పని నమూనాలు, 3, 5, 8 తరగతుల్లో అయితే పరీక్ష ఫలితాలు, ఇవన్నీ అందులోకి వస్తాయి.

ఇప్పుడు బజారులో దొరికే ప్లానర్ తెరిచి చూడండి. ఉన్న చోటంతా రేపు ఏం చెప్పాలి, వచ్చే వారం ఏం చెప్పాలి అని రాసుకోవడానికే. ఇవాళ ఏం జరిగిందో రాయడానికి బెత్తెడు చోటుండదు. పుస్తకం పేరుకి గడి ఉండదు. మన దగ్గర ఎలిమెంటరీ పిల్లలకి అగ్నిప్రమాదాల గురించి కూడా క్రమం తప్పకుండా చెప్పాలని చట్టంలోనే ఉంది. దానికి గడి ఉన్న ప్లానర్ ఇంతవరకూ నా కంటపడలేదు. పెన్సిల్వేనియా చరిత్ర, సివిక్స్, సంగీతం, చిత్రలేఖనం, వ్యాయామం, ఆరోగ్యం కూడా జాబితాలో ఉన్నాయి. కొన్న ప్లానర్‌లో ఆరు గళ్లుంటే మిగతావి ఎక్కడ రాస్తారు? రాయడానికి చోటు లేనిది చెప్పడం కూడా మర్చిపోతారు.

అందుకే చేసుకోమంటున్నాను. పెద్ద పనేం కాదు. జూలై, ఆగస్టుల్లో స్కూలు సామాన్ల సేల్ పెడతారు, అప్పుడు రూళ్ల నోటుపుస్తకం డాలరుకి అటూ ఇటూగా దొరుకుతుంది. ఒక్కో పిల్లకి ఒక్కో పుస్తకం. ఎడమ పేజీలో వారానికి అనుకున్నది పెన్సిల్‌తో రాయండి. కుడి పేజీలో జరిగింది పెన్నుతో రాయండి. పైన తేదీ, అది ఎన్నో రోజో వేయండి. అంతే ప్లానర్. కంప్యూటర్ అలవాటున్నవాళ్లు గూగుల్ షీట్‌లో చేసుకున్నా సరే, నాకేం అభ్యంతరం లేదు.

ఇండియా నుంచి ఎవరో పంపిన పీడీఎఫ్ ప్రింట్ తీసేవాళ్లు మాత్రం ఆగండి. అది ఏ4 సైజు. ఇక్కడి కాగితం లెటర్ సైజు, ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, పదకొండు అంగుళాల పొడవు. పొట్టిది. ఫిట్ టు పేజ్ పెట్టకపోతే కింది వరస తెగిపోతుంది. మన ఊరి పంచ్ రెండు చిల్లులు వేస్తుంది, ఇక్కడి బైండర్లకి మూడు రింగులుంటాయి. ఇంకోటి, తేదీ. మనం 5/11 అని రాస్తే నవంబరు అయిదు, ఇక్కడివాళ్లు చదివితే మే పదకొండు. నెల పేరు అక్షరాల్లో రాయడం పిల్లలకి మొదటి రోజు నుంచే అలవాటు చేయండి. ప్రతి వర్క్‌షీటు పైనా వాళ్ల చేతే రాయించండి. నెల్లూరు అమ్మాయిని చివరికి గట్టెక్కించినవి ఆ వర్క్‌షీట్ల మీది తేదీలు, లైబ్రరీ స్లిప్పులు, ఫోన్లో ఉన్న ఫోటోలూనే.

ఇక నా అసలు బాధ. ఏ రోజుది ఆ రోజే రాయండి. దయచేసి. ప్లానర్ ఏదైనా పెట్టుకోండి, ఈ ఒక్క మాట మాత్రం వినండి. లాగ్ చదువు జరుగుతున్నప్పుడే రాసుకోవాలని చట్టం మాట. ఆదివారం కూర్చుని వారం మొత్తం రాస్తానంటారు. ఆదివారం గుడికెళ్తారు, ఎవరింట్లోనో పుట్టినరోజు ఉంటుంది, సరుకులు తేవాలి. రెండు వారాలయ్యేసరికి మంగళవారం ఏ పాఠం చెప్పారో మీకే గుర్తుండదు.

మేం దిగింది నడి చలికాలంలో. నాలుగున్నరకే చీకటి. మా ఆయన క్లయింట్ దగ్గర వేరే ఊళ్లో, నేను చంటిదాన్ని, ఏడేళ్లవాణ్ని పెట్టుకుని ఒక్కదాన్నే. రాత్రి అంట్లు తోముకుని కూర్చున్నాక ఒక్క ముక్క రాసే ఓపిక ఉండేది కాదు. ఆ నెలల్లో తెలిసొచ్చింది, రాత్రికి వాయిదా వేసిన పని ఇక్కడ జరగదని. మధ్యాహ్నం పిల్లలు అన్నం తింటుంటే పక్కన కూర్చుని రాయడం మొదలెట్టాక కుదురుకుంది. నాలుగు నిమిషాలు చాలు. మా పుస్తకంలో ఒక రోజు ఇలా ఉంటుంది: లెక్కలు, భిన్నాల కూడిక, 42 నుంచి 44 పేజీలు. రీడింగ్, పుస్తకం పేరు, మూడో అధ్యాయం. సైన్సు, నీళ్లు గడ్డకట్టడం, బాల్కనీలో గిన్నె పెట్టి చూశాం. అగ్ని భద్రత, తాలింపు పొగకి అలారం మోగింది, ఏ తలుపులోంచి వెళ్లాలి, బయట ఎక్కడ నిలబడాలి మళ్లీ చెప్పించాను. వ్యాయామం, ఈత. సంగీతం, సరళీ స్వరాలు రెండో కాలం. చూశారుగా, కర్ణాటక సంగీతం క్లాసు కూడా లెక్కలోకే వస్తుంది. శనివారం చెప్పినా రాయండి. 180 రోజులూ సోమవారం నుంచి శుక్రవారం లోపలే ఉండాలని ఎక్కడా లేదు.

గంటల లెక్క పెట్టుకోవాలా, రోజుల లెక్క పెట్టుకోవాలా అని అడుగుతారు. రోజులు పెట్టుకోండి. నిమిషాలు కూడుకుంటూ కూర్చుంటే చదువు చెప్పేదెప్పుడు?

రెండో ఏడాది కొనాలనిపిస్తే కొనుక్కోండి, తప్పు లేదు. అప్పటికి మీ పిల్లాడు పొద్దున చురుకో, మధ్యాహ్నం చురుకో, మీకు పెద్ద గళ్లు కావాలో చిన్నవి చాలో తెలిసిపోతుంది. తేదీలు అచ్చువేయనిది ఎంచుకోండి. డిసెంబరులో టికెట్లు దొరికి ఆరు వారాలు ఇండియా వెళ్తే, తేదీలున్న ప్లానర్‌లో అన్ని పేజీలూ వృథా. జనవరి నుంచి మొదలయ్యే డైరీ అసలు వద్దు, ఇక్కడ చదువు సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలున్నవాళ్లకి డిజిటల్ ప్లానర్ చందా ఉపయోగమే. ఒకరోజు పాఠం ఆగిపోతే మిగతావన్నీ దానంతటదే తర్వాతి రోజులకి జరుపుతుంది. కాకపోతే చందా ఆపేసే ముందు అంతా ప్రింట్ తీసి పెట్టుకోండి.

భయపెట్టాను, తెలుసు. కాస్త భయం ఉంటేనే పెన్ను తీస్తారని ఇంతసేపూ చెప్పలేదు గానీ, ఇవాల్యుయేటర్లు, అంటే ఏడాది చివర పిల్లల చదువు పరిశీలించేవాళ్లు, మనల్ని ఫెయిల్ చేయడానికి రారు. పోర్ట్‌ఫోలియో తిరగేస్తారు, పిల్లలతో మాట్లాడతారు, చదువు సరిగ్గా సాగుతోందని తోస్తే సర్టిఫికెట్ రాసిస్తారు. జూన్ 30లోపు స్కూలు జిల్లా సూపరింటెండెంట్‌కి అందాల్సింది ఆ ఒక్క కాగితమే. పోర్ట్‌ఫోలియో కూడా పట్టుకెళ్లి ఇవ్వాలన్న నియమం 2014లోనే తీసేశారు. చేతిరాత బాగోలేదని, నోటుపుస్తకం మీద పులుసు మరక పడిందని ఎవరూ ఏమీ అనరు. మధ్యలో నాలుగు రోజులు జ్వరమొచ్చి రాయకపోయినా కొంపలు మునగవు, అయిదో రోజు నుంచి రాయండి. మార్చి నెలలోనే ఇవాల్యుయేటర్‌కి ఫోన్ చేసి తేదీ ఖాయం చేసుకోండి, మే వచ్చిందంటే వాళ్లకి తీరిక దొరకదు.