అఫిలియేట్ పాఠాలు – 4: కొన్నవాళ్లు కొనసాగే ప్రోగ్రామ్‌ను ఎంచుకోవడం

గత పాఠంలో మీ పాఠకుల అవసరాలు రాసుకుని, వాటికి సరిపోయే పది అఫిలియేట్ ప్రోగ్రామ్‌ల (మీ లింక్ ద్వారా అమ్మకం జరిగితే కంపెనీ మీకు కమిషన్ ఇచ్చే ఏర్పాట్ల) జాబితా వేసుకున్నాం. ఈ పాఠంలో ఆ పదిని మూడుకు తగ్గిస్తాం. ఈ పని చేసేటప్పుడు చాలామంది కమిషన్ శాతాన్ని చూసి, పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు వరుస పెట్టేస్తారు. మనం ఆ అంకెను చివర్లో చూద్దాం. మీ లింక్ నొక్కి కొన్నవాళ్లు ఆర్నెల్ల తర్వాత కూడా ఆ వస్తువుతో సంతోషంగా ఉంటేనే మీ రెండో సిఫారసు చదువుతారు. వస్తువు ముంచితే కంపెనీ పేరు మర్చిపోతారు గానీ, కొనమన్నది ఎవరో మర్చిపోరు.

ముందు లెక్క

రెండు ప్రోగ్రామ్‌లు ఉన్నాయనుకోండి. మొదటిది ఒక్కో అమ్మకానికి ఒక్కసారి 150 ఇస్తుంది. రెండోది నెలకు 100 చందా ఉన్న సేవ. అందులో 20 శాతం, అంటే నెలకు 20, కస్టమర్ ఉన్నన్నాళ్లూ ఇస్తుంది. ఏది మేలు? ప్రతి నెలా ఎంత శాతం మంది మానేస్తున్నారో తెలియకుండా చెప్పలేం. దీన్నే చర్న్ అంటారు. 100ను చర్న్ శాతంతో భాగిస్తే కస్టమర్ సగటున ఎన్ని నెలలు ఉంటారో తెలుస్తుంది. చర్న్ 5 శాతమైతే 20 నెలలు, మీకు వచ్చేది 400. 10 శాతమైతే 10 నెలలు, 200. 20 శాతమైతే 5 నెలలే. అప్పుడు చేతికొచ్చేది 100, మొదటి ప్రోగ్రామ్ ఇచ్చే 150 కన్నా తక్కువ.

ఇది ఉజ్జాయింపు లెక్క. నిజానికి మానేసేవాళ్లలో ఎక్కువమంది మొదటి రెండు మూడు నెలల్లోనే మానేస్తారు, ఆ తర్వాత మిగిలినవాళ్లు గట్టిగా నిలుస్తారు. అయినా రెండు ప్రోగ్రామ్‌లను పోల్చడానికి ఇది చాలు.

నిబంధనల్లో 'మొదటి 12 నెలలకు మాత్రమే' అన్న ముక్క ఉందేమో వెతకండి. 5 శాతం చర్న్ ఉంటే 12 నెలల పరిమితి కింద సగటున అందేది 12 చెల్లింపులు కాదు, దాదాపు 9.2. ఎందుకంటే ఏడాది గడిచేలోపే కొందరు వెళ్లిపోతారు. 400 వస్తుందనుకున్నది 184కు దిగుతుంది. 'జీవితకాల కమిషన్' అని పెద్ద అక్షరాల్లో రాసినచోట కూడా, ఆరు నెలలపాటు మీరు కొత్త అమ్మకం తేకపోతే పాతవాటి కమిషన్ ఆపేస్తామన్న షరతు కింద ఎక్కడో ఉండొచ్చు. అది దొరికేదాకా చదవండి.

మరి చర్న్ అంకె ఎక్కడ దొరుకుతుంది? కంపెనీలు మామూలుగా బయటపెట్టవు. అఫిలియేట్ మేనేజర్‌కు మెయిల్ రాసి రెండే ప్రశ్నలు అడగండి: అఫిలియేట్ల ద్వారా వచ్చిన కస్టమర్లలో మూడో నెలకు, ఆరో నెలకు ఎంత శాతం మిగులుతున్నారు? రిఫండ్ అడిగేవాళ్లు ఎంత శాతం? ఖచ్చితమైన అంకె ఇవ్వకపోయినా 'ఇంత నుంచి ఇంత' అని చెప్పేవాళ్లతో పని చేయొచ్చు. బ్యానర్లు, ప్రోత్సాహక బహుమతుల గురించి మాత్రమే తిరుగు మెయిల్ వస్తే ఆ ప్రోగ్రామ్‌ను జాబితాలో కిందికి దించండి.

నెట్‌వర్క్ చూపించే అంకెలు

కంపెనీలను, అఫిలియేట్లను ఒకచోట కలిపే వేదికను నెట్‌వర్క్ అంటారు. అలాంటిదైన క్లిక్‌బ్యాంక్‌లో గ్రావిటీ అనే స్కోరు కనిపిస్తుంది. గత 12 వారాల్లో ఎంతమంది వేర్వేరు అఫిలియేట్లు ఆ వస్తువు అమ్మి కమిషన్ పొందారన్నదే దానికి ఆధారం. అమ్మేవాళ్ల సందడి ఎంతుందో అది చెబుతుంది. కొన్నవాళ్లు వస్తువు ఉంచుకున్నారా అన్నది చెప్పదు. అలాగే ఈపీసీ, అంటే క్లిక్‌కు సగటు ఆదాయం, కొన్ని నెట్‌వర్క్‌లు ఒక్క క్లిక్‌కు, కొన్ని 100 క్లిక్‌లకు లెక్కగడతాయి. అది గమనించకపోతే 0.8ని, 80ని పక్కపక్కన పెట్టి, సమానమైనవాటిలో ఒకదాన్ని ఉత్తపుణ్యానికి కొట్టేస్తారు.

కొని చూడటం

జాబితాలో మిగిలినవాటిని సొంత డబ్బుతో, మామూలు కస్టమర్‌లాగే కొనండి. మీ సొంత లింక్ వాడొద్దు. చాలా ప్రోగ్రామ్‌లలో అది నిషేధం, ఖాతా పోతుంది. కంపెనీ ఉచితంగా ఇచ్చే ఖాతా ఈ పరీక్షకు పనికిరాదు. ఎందుకంటే అందులో బిల్లింగ్ ఉండదు, గొడవలన్నీ మొదలయ్యేది అక్కడే.

కొన్నాక, సెలవు రోజున సపోర్ట్‌కు ఒక నిజమైన ప్రశ్న పంపండి. ఎన్ని గంటలకు జవాబొచ్చిందో, అది మనిషి రాసిందో అచ్చు పోసిన మెయిలో రాసుకోండి. మొదటి 14 రోజుల్లో వచ్చిన మెయిళ్లను లెక్కపెట్టి, ఎన్ని వాడకం నేర్పుతున్నాయో, ఎన్ని ఇంకోటి కొనమంటున్నాయో విడదీయండి. చివరిగా, రద్దు చేయండి. ఈ పరీక్షలో అన్నింటికన్నా విలువైన అడుగు ఇదే. చేరడానికి రెండు క్లిక్‌లు, మానడానికి ఫోన్ చేయాలంటే ఆ కంపెనీ చర్న్ అంకె ఎంత బాగున్నా నమ్మకండి. అక్కడ మిగిలినవాళ్లు ఇష్టపడి ఉన్నవాళ్లు కాదు, బయటికి దారి దొరకనివాళ్లు. వాళ్ల కోపం మీ మీదికే మళ్లుతుంది.

కుకీ, ట్రాకింగ్

కుకీ అంటే, కస్టమర్ మీ లింక్ మీదుగా వచ్చారని బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తు. అమెజాన్ అఫిలియేట్ ప్రోగ్రామ్ అయిన అమెజాన్ అసోసియేట్స్‌లో కుకీ గడువు 24 గంటలు. ఆలోపు వస్తువును కార్ట్‌లో వేస్తే, దాన్ని కొనడానికి మామూలుగా 90 రోజుల వరకు లెక్కలోకి వస్తుంది. వేరేచోట్ల 30, 60, 90 రోజులని ఉంటుంది. ఆ అంకె బ్రౌజర్ ఒప్పుకుంటేనే నిజం. ఆపిల్ బ్రౌజర్ సఫారీ 2020 మార్చి నుంచి థర్డ్ పార్టీ కుకీలను, అంటే మనం చూస్తున్న సైట్ కాక వేరే సైట్ పెట్టేవాటిని, పూర్తిగా అడ్డుకుంటోంది. పేజీలోని స్క్రిప్ట్‌తో (చిన్న కోడ్‌తో) రాసిన కుకీలనైతే, ఆ సైట్‌కు మళ్లీ రాకపోతే, 7 రోజులకు మించి ఉంచదు. అందుకని 'ట్రాకింగ్ సర్వర్ నుంచి సర్వర్‌కు జరుగుతుందా?' అని మేనేజర్‌ను అడగండి. అంటే అమ్మకం కబురు బ్రౌజర్ మీద ఆధారపడకుండా కంప్యూటర్ల మధ్యే నేరుగా వెళ్తుందా అని. మీ పేరుతో విడిగా కూపన్ కోడ్ ఇస్తే ఇంకా మంచిది. కుకీ పోయినా అమ్మకం మీ ఖాతాలోనే పడుతుంది.

చివరి క్లిక్ ఎవరిదైతే కమిషన్ వాళ్లదే అన్నది ఎక్కువ ప్రోగ్రామ్‌ల పద్ధతి. చెల్లింపు పేజీలో ఖాళీ కూపన్ గడి కనిపించగానే కస్టమర్ కోడ్ కోసం వెతుకుతూ బయటికెళ్తారు, కూపన్ సైట్ మీదుగా తిరిగొస్తారు. మీ కష్టం అక్కడ ఆవిరి. కూపన్ సైట్‌లకు కమిషన్ ఇవ్వని, లేదా తగ్గించి ఇచ్చే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. వాటికి పెద్దపీట వేయండి.

రిఫండ్ గడువును, కమిషన్ ఖరారయ్యే గడువును పక్కపక్కన రాసుకోండి. రిఫండ్‌కు 60 రోజులిచ్చి, మీకు 30 రోజులకే చెల్లిస్తే, ఆ డబ్బు తర్వాత వెనక్కి కోసుకుంటారు. రేట్లు మార్చేముందు ఎన్ని రోజుల నోటీసిస్తారో కూడా చూడండి. 2020 ఏప్రిల్‌లో అమెజాన్ అమెరికా ప్రోగ్రామ్‌లో ఫర్నిచర్ కమిషన్‌ను 8 నుంచి 3 శాతానికి, కిరాణాను 5 నుంచి 1 శాతానికి తగ్గించింది. ఒక్కదాని మీదే ఆధారపడిన సైట్‌ల ఆదాయం ఆ దెబ్బకు సగానికి పైగా పడిపోయే అవకాశం ఉంటుందని ఈ అంకెలే చెబుతున్నాయి. మూడు ఉంచుకోమనడం అందుకే.

ఈ పాఠానికి అభ్యాసం

మిగిలిన మూడింటికీ వేర్వేరు సబ్ ఐడీలతో (ఏ లింక్ నుంచి అమ్మకం వచ్చిందో తెలియడానికి లింక్ చివర చేర్చే గుర్తులతో) లింక్‌లు తయారుచేయండి. పేజీ పేరు, లింక్ ఉన్న చోటు ఐడీలో వచ్చేలా పెడితే తర్వాత తికమక ఉండదు. లింక్ పక్కనే, కమిషన్ వస్తుందన్న మాట స్పష్టంగా రాయండి. లింక్ కోడ్‌లో, ఇది డబ్బు వచ్చే లింక్ అని సెర్చ్ ఇంజిన్‌కు చెప్పడానికి గూగుల్ 2019లో తెచ్చిన 'స్పాన్సర్డ్' (rel="sponsored") గుర్తు తగిలించండి.

90 రోజులు నడిపి, ఒక పట్టికలో క్లిక్‌లు, అమ్మకాలు, రిఫండ్‌లు, మూడో నెలకు మిగిలినవాళ్లు, మీకు వచ్చిన ఫిర్యాదులు నింపండి. 20 అమ్మకాల లోపు ఏ నిర్ణయమూ వద్దు, అంత చిన్న లెక్కలో ఒకటి రెండు రిఫండ్‌లు కూడా శాతాన్ని తారుమారు చేస్తాయి. 20 దాటాక ప్రతి ఏడెనిమిది మందిలో ఒకరు రిఫండ్ అడుగుతుంటే, ప్రోగ్రామ్‌ను తీసేసేముందు మీ పేజీ మళ్లీ చదవండి. వస్తువు చేయని పని చేస్తుందని మీరే రాసి ఉండొచ్చు. ఆ వాక్యం సరిదిద్ది ఇంకో 30 రోజులు చూడండి. అప్పటికీ తగ్గకపోతే లింక్ తీసేయండి.

నింపిన పట్టికను దగ్గర పెట్టుకోండి. 5వ పాఠంలో, కొన్న తర్వాత మొదటి 30 రోజులు వాడకంలో తోడ్పడే మెయిళ్లను దాని ఆధారంగానే రాస్తాం.