నోడ్ సర్వర్ తనంతట తాను మళ్లీ మొదలవడంలో సమస్యలు, పరిష్కారాలు

నాందేడ్ జిల్లా సరిహద్దులోని ధర్మాబాద్‌లో ఒక అడ్తి దుకాణం కోసం మిర్చి క్వింటాలు ధరలను నమోదు చేసే నోడ్ (జావాస్క్రిప్ట్‌ను సర్వర్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) అప్లికేషన్‌ను మీరు తయారు చేస్తున్నారని అనుకుందాం. ఫైల్ మారగానే సర్వర్‌ను తనంతట తానే మళ్లీ మొదలుపెట్టే సాధనమైన నోడ్‌మాన్ ఏ ఫైళ్లను గమనిస్తోందో ముందుగా తేల్చుకుంటే సగం చిక్కులు అక్కడే విడిపోతాయి. అందుకు దాన్ని '--వెర్బోస్' ఆప్షన్‌తో నడిపితే ఏ ఫైల్ వల్ల సర్వర్ మళ్లీ మొదలైందో టెర్మినల్‌లో కనిపిస్తుంది.

సమస్య: ధర సేవ్ చేసిన ప్రతిసారీ లాగిన్ పోతోంది

కోడ్‌ను ఎవరూ ముట్టుకోకపోయినా, గుమాస్తా కొత్త ధర ఎక్కించగానే సర్వర్ మళ్లీ మొదలవుతుంది. నోడ్‌మాన్ జావాస్క్రిప్ట్ ఫైళ్లతో పాటు జేసన్ (సమాచారాన్ని, సెట్టింగులను రాసుకునే) ఫైళ్లను కూడా గమనిస్తుంది కాబట్టి, ధరలను ప్రాజెక్టు ఫోల్డర్‌లోని జేసన్ ఫైల్‌లో రాసే అప్లికేషన్ తన రాతతో తనే ఆగి మొదలవుతుంది. లాగిన్‌లను గుర్తుంచుకునే ఎక్స్‌ప్రెస్-సెషన్ లైబ్రరీ, వేరే ఏర్పాటు చేయనంత వరకు సెషన్లను (ఎవరు లాగిన్ అయ్యారన్న వివరాలను) మెమరీలోనే ఉంచుతుంది గనుక అవి కూడా పోతాయి. ధరల ఫైల్‌ను 'డేటా' అనే ఫోల్డర్‌లోకి మార్చి, 'నోడ్‌మాన్.జేసన్' అనే సెట్టింగుల ఫైల్‌లోని 'ఇగ్నోర్' జాబితాలో ఆ ఫోల్డర్ పేరు చేర్చాలి. జేసన్‌ను మొత్తంగా గమనింపు నుంచి తీసేయడం సరైన పద్ధతి కాదు, ఎందుకంటే అప్పుడు కాన్ఫిగరేషన్ మార్పులు కూడా దాని కంటపడవు. లైబ్రరీలు ఉండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ను నోడ్‌మాన్ ముందే వదిలేస్తుంది.

సమస్య: ఫైల్ సేవ్ చేసినా సర్వర్ కదలడం లేదు

విండోస్‌లోనే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ 2 వాడేవారు ప్రాజెక్టును సీ డ్రైవ్‌లో ఉంచితే, అక్కడి మార్పుల కబురు లినక్స్ వైపుకు చేరదు. ప్రాజెక్టును లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోకి మార్చడమే మేలైన మార్గం. అది కుదరనప్పుడు మాత్రమే నోడ్‌మాన్ ఆప్షన్ '--లెగసీ-వాచ్' వాడాలి, ఎందుకంటే అది ఫైళ్లను పదేపదే తనిఖీ చేస్తూ ప్రాసెసర్‌పై భారం పెంచుతుంది.

నోడ్‌మాన్‌కు బదులు, నోడ్ 18.11లో వచ్చి 22లో స్థిరపడిన నోడ్ సొంత ఆప్షన్ '--వాచ్' వాడుతున్నట్లయితే కారణం వేరు. అది మొదటి ఫైల్‌ను, దానిలోకి ఇంపోర్ట్ అయిన మాడ్యూళ్లను మాత్రమే గమనిస్తుంది. అప్లికేషన్ ఫైల్‌గా చదువుకునే తెలుగు, మరాఠీ హెచ్‌టీఎంఎల్ పేజీలను పట్టించుకోదు. ఇలాంటి పనికి నోడ్‌మాన్‌నే సిఫారసు చేస్తాను. దానికి గమనించాల్సిన ఫైల్ రకాలను చెప్పే '--ఎక్స్‌ట్' ఆప్షన్ ద్వారా హెచ్‌టీఎంఎల్‌ను చెప్పేటప్పుడు జేఎస్ (జావాస్క్రిప్ట్), జేసన్‌లను కూడా రాయాలి, లేకపోతే పాత జాబితా రద్దయి హెచ్‌టీఎంఎల్ ఒక్కటే మిగులుతుంది.

సమస్య: 3000 పోర్టు ఇప్పటికే వాడుకలో ఉందన్న ఎర్రర్

మరో టెర్మినల్‌లో పాత సర్వర్ నడుస్తోందేమో చూసి ఆపండి. అది కాకపోతే మీ కోడ్ ఆపివేత సిగ్నల్‌ను అందుకుని కూడా ముగియకపోతుండవచ్చు. నోడ్‌మాన్ మామూలుగా పంపేది సిగ్‌యూఎస్‌ఆర్2 అనే సిగ్నల్. దాన్ని అందుకునే ఫంక్షన్‌లో సర్వర్‌ను, డేటాబేస్‌ను మూసి, చివర ప్రాసెస్ ఎగ్జిట్ తప్పక పిలవాలి. బ్రౌజర్ పట్టి ఉంచిన కనెక్షన్ల వల్ల మూత ఆలస్యమైతే, నోడ్ 18.2 నుంచి ఉన్న 'క్లోజ్‌ఆల్‌కనెక్షన్స్' వాటిని తెంచుతుంది.

సమస్య: ఫైల్ వాచర్ల పరిమితి దాటిందన్న ఎర్రర్

ఇది లినక్స్‌లో వస్తుంది. గమనించనక్కర్లేని ఫోల్డర్లను ముందు గమనింపు నుంచి తీసేసి, అప్పటికీ ఎర్రర్ పోకపోతే ఐనోటిఫై (ఫైల్ మార్పులను తెలిపే లినక్స్ ఏర్పాటు) గరిష్ఠ వాచర్ల సంఖ్యను లినక్స్ సెట్టింగులు మార్చే సిస్‌కంట్రోల్‌లో 524288కి పెంచండి.