సోమశిల గేట్లు ఎత్తితే ఏం చేయాలి

ఊళ్లో చినుకు లేదని తాత్సారం చేయొద్దు. ఎగువన కడపలో పడ్డ వానే పెన్నా నది మీది సోమశిల డ్యామ్ గేట్లు దాటి వచ్చి కింద కోవూరును, నెల్లూరును ముంచుతుంది. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి, రైలు కట్ట రెండూ కోతకు గురయ్యాయి.

వార్తల్లో డ్యామ్‌లోకి వచ్చే ఇన్‌ఫ్లో కాదు, కిందికి వదిలే అవుట్‌ఫ్లో ఎన్ని క్యూసెక్కులో చూడండి. మీ మీదికి వచ్చేది అదే. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఫోన్లకు సందేశాలు పంపుతుంది. అనుమానముంటే 1070కి గానీ, జిల్లా కంట్రోల్ రూముకు 1077కి గానీ ఫోన్ చేయండి.

కదిలే ముందు పశువుల పలుపులు విప్పేయండి. కట్టేసి ఉంటే ఈదలేవు, గుంజ దగ్గరే చనిపోతాయి. గ్యాస్ రెగ్యులేటర్, మెయిన్ స్విచ్ ఆపండి. కాళ్ల కింద అప్పటికే నీళ్లుంటే మాత్రం స్విచ్ బోర్డు జోలికి పోవద్దు. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, రోజూ వేసుకునే మందులు ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి ముడేయండి. చప్టా మీద నీళ్లు పారుతుంటే మోకాలి లోతే కదా అని దిగొద్దు: కింద రోడ్డు తెగిపోయినా పైకి కనిపించదు.

తిరిగొచ్చాక 20 లీటర్ల నీళ్లకు 0.5 గ్రాముల క్లోరిన్ మాత్ర ఒకటి వేసి, అరగంట ఆగి తాగండి. తడిసిన మోటారు స్టార్టర్‌ను ఎలక్ట్రీషియన్ చూసేదాకా నొక్కొద్దు.