అర్ధరాత్రి ఊరికే మోగే అలారం: మా దుకాణంలో పనిచేసిన పరిష్కారం

మా బట్టల దుకాణంలో దొంగల అలారం రెండు నెలలపాటు వారానికి మూడు నాలుగు సార్లు అర్ధరాత్రి దాటాక మోగేది. పరుగున వెళ్లి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. బ్యాటరీ మార్చాను, సెన్సర్ సున్నితత్వం తగ్గించాను, కిటికీ తెరలు తీసేశాను, ఫలితం లేదు.

చివరికి అలారం ప్యానెల్‌లోని ఈవెంట్ లాగ్ (ఎప్పుడు ఏ సెన్సర్ వల్ల మోగిందో రాసుండే చిట్టా) తెరిచాను. మొదటి రోజే చేయవలసిన పని ఇది. ప్రతిసారీ 3వ జోన్ (ప్యానెల్‌లో సెన్సర్‌కు ఇచ్చిన నంబరు) ఒక్కటే, అంటే వెనుక గదిలోని పీఐఆర్ సెన్సర్, కదలికను కనిపెట్టేది. అది మనిషిని చూడదు, ఎదుట పరారుణ వేడిలో వచ్చే హఠాత్తు మార్పును పసిగడుతుంది. మూత తీస్తే ట్యాంపర్ స్విచ్ సైరన్ మోగిస్తుంది కాబట్టి ముందు ప్యానెల్‌ను టెస్ట్ మోడ్‌లో పెట్టాను. లోపల సాలెగూడు! వైరు వచ్చే రంధ్రం మూయకుండా వదిలేశారు, గోడలోంచి గాలి కూడా తగులుతోంది. మెత్తని కుంచెతో గూడు తీసి, లోపలి సెన్సర్‌ను వేలితో తాకకుండా, రంధ్రాన్ని సిలికాన్‌తో మూశాను. పుల్లటి వాసన వచ్చే సిలికాన్ వైరులోని రాగిని తినేస్తుంది, న్యూట్రల్ రకమే వాడండి. ఒక రోజు ఆరాక గదిలో అడ్డంగా నడిచి, సెన్సర్ పసిగడుతోందో లేదో చూసే వాక్ టెస్ట్ చేశాను.

తర్వాత క్రాస్ జోన్ పెట్టాను: 3వ జోన్‌తోపాటు ముందు గది సెన్సర్ కూడా 60 సెకన్లలో స్పందిస్తేనే సైరన్, ఒక్కటే అయితే నా ఫోనుకు సందేశం.

అయిదు వారాలుగా సందేశం కూడా రాలేదు, కాబట్టి అసలు కారణం ఆ రంధ్రమేనని నమ్ముతున్నాను. మీ సెన్సర్ ఎదుట ఏసీ గానీ ఎండపడే కిటికీ గానీ ఉంటే కారణం వేరు కావచ్చు. ఒకే సెన్సర్ కాపలా ఉన్నచోట మాత్రం క్రాస్ జోన్ పెట్టకండి, నిజంగా దొంగ వచ్చినా సైరన్ మోగదు.